ఇంట్లో కూడా మాస్క్ తీయని మా తమ్ముడు: స్కూల్లో ఏడిపిస్తుంటే ఏం చేయాలి?

బుడ్డలచేను (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. పోస్టు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. తమ్ముడు తొమ్మిదో తరగతి. ఊళ్ళో బడి అయిపోయాక అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేర్చి, పిన్నమ్మ వాళ్ళింట్లో పెట్టాం. మా పక్క బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. వాడి ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. ఊళ్ళో సగం మందికి అవే పళ్ళు కాబట్టి అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. టౌన్‌కి వచ్చాక వాడి పేరు "గుట్కా" అయింది.

ఈసారి పండక్కి వెళ్తే, అన్నం తినేటప్పుడు తప్ప మాస్క్ తీయడం లేదు. కరోనా పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా మాస్క్ ఏందిరా అంటే డస్ట్ అలర్జీ అన్నాడు. పిన్నమ్మ ఇంకో మాట చెప్పింది. పొద్దున నింపిన వాటర్ బాటిల్ నింపింది నింపినట్టే తిరిగొస్తోందట. అనంతపురం ఎండల్లో! అడిగితే దాహం కాలేదంటాడు.

పిన్నమ్మ ఫోన్‌లో వాళ్ళ క్లాస్ వాట్సాప్ గ్రూపు చూశా. స్కూల్ ఫోటోలోంచి వాడి మొహం కత్తిరించి, పళ్ళు పెద్దగా కనిపించేట్టు స్టిక్కర్ చేశారు. కింద "పాన్ షాప్ ఓనర్" అని రాశారు. లెక్కల హోంవర్క్ ఏమిచ్చారని ఒకడు అడిగితే జవాబుగా ఆ స్టిక్కరే. ఎవరిదో పుట్టినరోజంటే అదే. వాడు కూడా ఒకసారి ఆ స్టిక్కర్ పెట్టాడు, పక్కన నవ్వే బొమ్మలు మూడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

నాన్నకు చెబితే "పళ్ళ గురించే కదా, మగపిల్లోడు, గమ్మునుండు" అన్నాడు. టీసీ తీసుకోవాలా? స్కూలుకు పోయి గట్టిగా అడగాలా? అడిగితే వాడికి ఇంకా ఎక్కువవుతుందేమోనని భయం.

హంద్రీగట్టు (కర్నూలు)

అమ్మాయీ, తప్పుగా అనుకోవద్దు. పెద్దవాణ్ణి కాబట్టి చెప్తున్నా. మా బళ్ళో నన్ను పదేళ్ళు "బక్కోడా" అనే పిలిచారు. ఐవారు కూడా అదే పేరుతో హాజరు వేసేవారు. ఏమైంది? ఉద్యోగం చేశా, రిటైరయ్యా, పిల్లల పెళ్ళిళ్ళు చేశా. ఇప్పటి పిల్లలకు మాట పడే ఓపిక లేదు. ప్రతిదానికీ డిప్రెషన్ అనే పేరొకటి. మీ తమ్ముణ్ణి నాలుగు రోజులు పట్టించుకోకుండా ఉండమనండి, అనేవాళ్ళకే విసుగొచ్చి మానేస్తారు.

ఏడురోడ్లు (కడప)

అన్నా, మీకు ఏమీ కాలేదంటే సంతోషం. నాకైంది.

ఇంటర్ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివా. మొదటి రోజే ఏ ఊరన్నారు, కడప అన్నా. "బాంబులు సూట్‌కేస్‌లో తెచ్చావా, పార్సిల్‌లో వస్తాయా?" అక్కడ మొదలైంది. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. సినిమాల్లో మనల్ని చూపించేదే అట్లా, వాళ్ళ తప్పేముంది అనుకున్నా. తర్వాత స్టడీ అవర్‌లో వెనక బెంచీ నుంచి నా యాసలో నా హాజరు నాకంటే ముందే పలికేవాళ్ళు. "వచ్చాండా సార్!" అని. లెక్చరర్ కూడా పెదాలు బిగబట్టి నవ్వేవాడు.

డౌట్ అడగాలంటే నోరు తెరవాలి కదా. తెరవడం మానేశా. పదో తరగతిలో ఫిజిక్స్ అంటే పడిచచ్చేవాణ్ణి, ఇంటర్‌లో అందులోనే వెనకబడ్డా. ఇంట్లో మాత్రం "వీడికి చదువు మీద ధ్యాస పోయింది" అనుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం బాగానే వస్తుంది. కానీ మీటింగ్‌లో మాట్లాడే ముందు వాక్యం మొత్తం మనసులో పేర్చుకుంటా. పేర్చుకునేలోపు ఆ విషయం దాటిపోతుంది. అమ్మ ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి పోయి మాట్లాడతా, పక్క సీటు వాళ్ళకు నా మాట వినబడకూడదని. ముప్పై దాటాయి నాకు. వాళ్ళు మానేసి చాలాకాలమైంది, నేనే ఇంకా మానలేదు.

పంటి డాక్టర్ (కడప)

బుడ్డలచేను గారూ, ముందు పళ్ళ సంగతి చెప్తా, ఎందుకంటే ఇది గుట్కా కాదు, మురికీ కాదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే, దవడలో పన్ను తయారయ్యేటప్పుడే పైపొర దెబ్బతింటుంది. దాదాపు ఎనిమిదేళ్ళ వయసులోపు తాగిన నీళ్ళ ఫలితం అది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అనంతపురం జిల్లాలో దాన్ని దాటే బోర్లు చాలా ఉన్నాయి. ఎంత తోమినా ఆ చారలు పోవు. బొగ్గుతో, ఇటుక పొడితో తోమే పిల్లల్ని చూస్తుంటా, దయచేసి మీ తమ్ముడు ఆ పని చేస్తున్నాడేమో చూడండి. చిగుళ్ళు పాడవుతాయి.

వైద్యం ఉంది. చారలు తేలికగా ఉంటే పైపొర కొద్దిగా రుద్ది తీస్తాం, లేదంటే పంటి రంగు పూత వేస్తాం. అయితే మా క్లినిక్‌కు వచ్చే పదిహేనేళ్ళ పిల్లల్లో కొందరు పన్ను నొప్పని చెప్పి వస్తారు, నొప్పి ఉండదు. నోరు తెరవమంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. డాక్టర్ దగ్గర కూడా!

హంద్రీగట్టు (కర్నూలు)

అయితే సమస్య తీరిపోయింది కదా. పళ్ళు బాగు చేయించండి. ఇంకేమంటారు వాళ్ళు?

చాక్‌పీస్ (కోసిగి)

సార్, నేను ప్రభుత్వ హైస్కూల్లో పాతికేళ్ళుగా పాఠాలు చెప్తున్నా. పళ్ళు తెల్లబడితే ఇంకోటి దొరుకుతుంది. నడక, చెప్పులు, వాళ్ళ నాన్న పని, కులం, చివరికి డబ్బాలో తెచ్చుకున్న జొన్నరొట్టె. ఏడిపించేవాడికి పళ్ళతో పనిలేదు, పదిమంది నవ్వితే చాలు.

మా వైపు సంగతి చెప్తా. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి వానలు సరిగా పడని ఏడు కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తికి, మిరప కోతలకు వలస పోతాయి. పిల్లలు బడి మానకుండా సీజనల్ హాస్టళ్ళు పెడతారు, అయినా అమ్మ వెంట పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. నెలల తర్వాత తిరిగొస్తే పాఠాలు ఎక్కడికో పోయి ఉంటాయి. బోర్డు మీద లెక్క రాకపోతే "మిరపకాయలు లెక్కపెట్టరా" అంటారు. ఒక అమ్మాయికి కారం మంటతో చేతులు పొట్టు లేచాయి. పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు, అంటుకుంటుందని. ఆ అమ్మాయి మళ్ళీ వలస పోవడానికి ఎదురుచూసేది. బడికంటే మిరప చేనే నయమనిపించింది ఆ బిడ్డకు. బడి మానేసిన పిల్లల లెక్కలో కారణం "వలస" అని రాసుకుంటాం. ఇంకో గడి ఉండాలి అక్కడ.

మనసుమాట (కర్నూలు)

నేను పిల్లలకు, కుర్రవాళ్ళకు కౌన్సెలింగ్ చేస్తాను. రెండు మూడు విషయాలు.

హంద్రీగట్టు గారూ, మీలా దాటేసేవాళ్ళు ఉంటారు, కాదనను. కానీ ఎప్పుడో ఒకసారి పడ్డ మాటకూ, రోజూ పడే మాటకూ తేడా ఉంది. ఈ విషయం మీద 1970ల నుంచి పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదురు నిలబడలేనివాడి మీద చేయడం. మూడూ కలిస్తే అది ఆట కాదు. యునెస్కో 2019 నివేదికలో, అంతకుముందు నెలలో ఒక్కసారైనా ఇలాంటిది ఎదురైందన్న పిల్లలు దాదాపు ముగ్గురిలో ఒకరు.

బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని యాభై ఏళ్ళు వచ్చేదాకా వెంబడించి చూశారు. ఏడేళ్ళప్పుడు, పదకొండేళ్ళప్పుడు తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా అని తల్లిదండ్రుల్ని అడిగి రాసుకున్నారు. 7,771 మంది వివరాలతో 2014లో అచ్చయింది. తరచుగా ఏడిపింపులు పడ్డవాళ్ళలో నడివయసులో కుంగుబాటు, ఆందోళన, చనిపోవాలన్న ఆలోచనలు ఎక్కువ. స్నేహితులు తక్కువ, సంపాదన కూడా తక్కువ. ఇంటి పేదరికం, చిన్నప్పటి తెలివితేటలు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా మిగిలే ఉంది. ఏడురోడ్లు గారు మెట్ల దగ్గరికి పోయి ఫోన్ మాట్లాడటం ఈ లెక్కలోదే.

ఇక ఆ వాటర్ బాటిల్. బుడ్డలచేను గారూ, అన్నిటికంటే ముందు దాన్ని పట్టించుకోండి. నీళ్ళు తాగితే టాయిలెట్‌కు పోవాలి. స్కూల్లో టీచర్ల కన్ను పడని చోటు అదే. అక్కడ ఏదో జరుగుతోంది, లేదా జరుగుతుందని భయపడుతున్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూత్రం ఆపుకునే పిల్లలకు ఇన్ఫెక్షన్లు రావచ్చు. కడుపునొప్పి అంటే అజీర్తి అనుకుని మందులు వాడుతుంటారు.

స్టిక్కర్ తనే పెట్టుకున్నాడంటే వాడికి పట్టింపు లేదని కాదు. "నేనూ మీలో ఒకణ్ణే" అనిపించుకోవడానికి పిల్లలు అలా చేస్తారు. రేపు స్కూల్లో అడిగితే అదే చూపించి "వాడే పెట్టుకున్నాడు సార్" అంటారు, చూసుకోండి.

బుడ్డలచేను (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

మేడమ్, టాయిలెట్ మాట చదివి చేతులు వణికాయి. వాడిని ఎలా అడగాలి? అడిగిన ప్రతిసారీ "ఏం లేదక్కా" అంటాడు.

మనసుమాట (కర్నూలు)

"నిన్ను ఎవరు ఏడిపిస్తున్నారు" అని అడగొద్దమ్మా. పేరు చెప్తే చాడీ చెప్పినట్టవుతుందని భయం. "ఇంటర్వెల్‌లో ఎక్కడుంటావు, ఎవరితో తింటావు, బస్సులో ఏ సీటు" అని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, బండి మీద పోతూనో, బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలుస్తూనో అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో "నువ్వెందుకు తిరిగి అనలేదు?" అని మాత్రం అనొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో నోరు మూసుకునే పిల్లలు ఎందరో. ఫోన్ లాక్కుంటామని కూడా అనొద్దు. పిల్లలు ఇంట్లో చెప్పకపోవడానికి అదీ ఒక కారణం.

చిత్రావతి (అనంతపురం)

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా. అందరూ ఇవతలి పక్క నుంచి రాస్తున్నారు. నేను అవతలి పక్క. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఇంకో పిల్లవాణ్ణి ఇట్లాగే ఏడిపించాడు. ఆ పిల్లవాడికి కొద్దిగా నత్తి. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి కూర్చుని, కాఫీ కూడా ముట్టుకోకుండా, మావాడు అన్న మాటలు ఒక్కొక్కటి చెప్పింది. అందులో సగం మాటలు మా ఇంట్లోవే. మా ఆయన వాణ్ణి తిట్టే తిట్లే వాడు బళ్ళో తిప్పి వాడాడు.

బెల్టు తీయడం తేలిక. ఆ రోజు తీయనివ్వలేదు. ట్యూషన్‌లో వీణ్ణి పెద్దపిల్లలు రోజూ నెత్తిన మొట్టుతున్నారని అప్పుడే బయటపడింది. అక్కడ పడింది ఇక్కడ తీర్చుకుంటున్నాడు. దానివల్ల వాడు చేసింది ఒప్పయిపోదు, ఆ నత్తి పిల్లవాడికి ఒరిగిందేమీ లేదు. ట్యూషన్ మార్చాం. వాడి ఫోన్ రాత్రిపూట హాల్లో పెట్టాం. ఆయన తిట్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు. వీణ్ణి తీసుకెళ్ళి వాళ్ళింట్లో సారీ చెప్పిద్దామంటే వాళ్ళమ్మే వద్దంది, మావాడు నీ కొడుకు మొహం చూడలేడని.

మనసుమాట (కర్నూలు)

ఆవిడ చెప్పింది నిజం చిత్రావతి గారూ. స్కూళ్ళలో కూడా ఇద్దర్నీ నిలబెట్టి చేతులు కలిపించేస్తారు. అది పెద్దల తృప్తి కోసం. పడ్డవాడు ఆ చెయ్యి మళ్ళీ పట్టుకోవాలి, గేటు బయట దానికి బదులూ పడాలి. ఇటు పడుతూ అటు పెట్టే పిల్లలే పెద్దయ్యాక అందరికంటే ఎక్కువ నలుగుతారని 2013లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన వచ్చింది. మీ అబ్బాయిని కూడా ఒకసారి ఎవరికైనా చూపించండి.

హంద్రీగట్టు (కర్నూలు)

అందరూ నా మీద పడ్డారు, సరే. ఒక మాట అడుగుతా. ఇన్ని కౌన్సెలింగ్‌లు లేని రోజుల్లో మేం బతకలేదా? ప్రతి స్టిక్కర్‌కూ స్కూలుకు పరిగెత్తితే వాడికి సొంత కాళ్ళు ఎప్పుడొస్తాయి?

ఏడురోడ్లు (కడప)

మీ కాలంలో బడి గంట కొడితే "బక్కోడు" బళ్ళోనే ఉండిపోయేవాడు అన్నా. సాయంత్రం మీరు ఇంటి పేరుతో ఇంట్లో ఉండేవాళ్ళు. ఈ పిల్లవాడికి రాత్రి పదకొండుకు కూడా ఫోన్‌లో "గుట్కా" అనే వస్తుంది. అదొక్కటీ ఆలోచించండి.

చాక్‌పీస్ (కోసిగి)

సొంత కాళ్ళ మాట వచ్చింది కాబట్టి. ఏడిపించేవాణ్ణి మార్చడం కష్టం సార్, పడేవాణ్ణి గట్టిపరచడం అంతకంటే కష్టం. నేను చూసినంతలో సులువుగా మారేది మధ్యలో నవ్వేవాళ్ళు. కెనడాలో బడి ఆటస్థలాల్లో కెమెరాలు పెట్టి చూశారట. 2001లో వచ్చిన పరిశోధన. నూటికి ఎనభై ఎనిమిది సార్లు చుట్టూ తోటిపిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా అడ్డం పడింది పంతొమ్మిది సార్లే. కానీ అడ్డం పడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలో గొడవ ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ వాళ్ళు "కివా" అని బళ్ళలో నడిపే పద్ధతి కూడా ఈ చూసేవాళ్ళ మీదే పనిచేస్తుంది.

నేను చేసింది చిన్నదే. ఆ మిరప చేతుల అమ్మాయి పక్కన, క్లాసులో అందరూ వెంట తిరిగే కబడ్డీ పిల్లను కూర్చోబెట్టా. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఆ పిల్లను పక్కకు పిలిచి "నువ్వుంటే ఎవరూ ఏమీ అనరు, నాకు సాయం చెయ్యి" అన్నా. మధ్యాహ్నం అన్నానికి ఇద్దరూ ఒకే వరుస. రెండు వారాలకు మిగతావాళ్ళు మరిచిపోయారు. అన్నిసార్లూ ఇట్లా కుదరదు. పోయిన ఏడు ఒక పిల్లాడి విషయంలో ఇదే చేస్తే ఏమీ తేలలేదు.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది, మధ్యలో రెండు మాటలు. స్కూళ్ళ పేర్లు, పిల్లల పేర్లు, స్టిక్కర్ల స్క్రీన్‌షాట్లు ఇక్కడ పెట్టవద్దు. ఇప్పటికే ఒకటి తీసేశాం. ఎవరింట్లోనైనా పిల్లలు "నేను లేకపోతే బాగుంటుంది" లాంటి మాటలంటుంటే తెల్లారేదాకా ఆగకండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ ఫోన్ లైన్ టెలి మానస్ 14416, పిల్లల సహాయానికి 1098. రెండూ ఉచితం, రాత్రి కూడా పలుకుతాయి. టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

నల్లకోటు (కర్నూలు)

ఆలస్యంగా వచ్చా, కోర్టు పనులు. చట్టం సంగతి క్లుప్తంగా.

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. కాలేజీలకే అనుకుంటారు, హాస్టళ్ళు, ట్యుటోరియల్స్ కూడా దాని కిందికి వస్తాయి. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. కొడితే ఏడాది దాకా, ఆత్మహత్యకు పురిగొల్పితే పదేళ్ళ దాకా జైలు లేదా యావజ్జీవం. అందరికీ తెలియని మాట ఇంకొకటి: ఫిర్యాదు అందాక కూడా సంస్థ అధిపతి చర్య తీసుకోకపోతే ఆయనే ఆ నేరానికి తోడ్పడినట్టు లెక్క. అందుకే ఫిర్యాదు నోటితో చేయకండి, కాగితం మీద చేయండి.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో కొన్ని మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం కూడదు. టీచరే పిల్లవాణ్ణి ఆ పేరుతో పిలుస్తుంటే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉంది, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని మానసికంగా వేధించడం దాని ప్రకారం నిషిద్ధం.

ఇన్ని చెప్పి కూడా, పోలీసు స్టేషన్ మొదటి మెట్టు కాకూడదనే నా సలహా. అవతలివాళ్ళూ పిల్లలే, పద్దెనిమిది లోపు కాబట్టి వాళ్ళ సంగతి జువెనైల్ జస్టిస్ బోర్డు చూడాలి. ముందు హెడ్మాస్టర్‌కు లెటర్. స్టిక్కర్లు డిలీట్ చేయించే ముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి, తేదీ కనబడేట్టు.

బుడ్డలచేను (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

ఆదివారం ఊరికి పోయి వచ్చా. చేలో బుడ్డల చెట్టు పీకుతున్నారు, వాడూ నేనూ గట్టు మీద కూర్చుని కాయలు కోస్తూ మాట్లాడుకున్నాం. ఇంటర్వెల్‌లో లైబ్రరీ బయట మెట్ల మీద ఉంటాడట. టాయిలెట్‌లో తలుపు బయట నుంచి గడియ పెట్టి "గుట్కా ఉమ్మేసి రా" అని కేకలు వేశారట. ఒకసారి పీరియడ్ మొత్తం లోపలే ఉన్నాడు. ఆలస్యంగా క్లాసుకు పోతే సార్ బయట నిలబెట్టాడు.

నాన్న పక్క సాలులోనే ఉన్నాడు, విన్నాడు. ఏమీ అనలేదు. సాయంత్రం "హెడ్మాస్టర్ దగ్గరికి నేనూ వస్తా" అన్నాడు.

పళ్ళు బాగు చేయించుకుంటావా అని అడిగితే వాడు "ఇప్పుడొద్దు, సెలవుల్లో" అన్నాడు. ఇప్పుడు చేయించుకుంటే "గుట్కా మానేశాడు" అంటారట.

పంటి డాక్టర్ (కడప)

వాడు చెప్పింది సబబే. తొందరేం లేదు, వేసవి సెలవుల్లో చేయించుకోవచ్చు. కడప దూరమైతే అనంతపురంలోనే ఎవరికైనా చూపించండి. వాడు అడిగితేనే చేయించండి, మీరు తొందరపెట్టి కాదు.

నల్లకోటు (కర్నూలు)

గడియ పెట్టడం చిన్న విషయం కాదమ్మా. అడ్డగించి నిర్బంధిస్తే అదే చట్టంలో రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. లెటర్‌లో అది ముందు రాయండి, పేర్లూ స్టిక్కర్లూ తర్వాత. ఏ రోజు, ఏ పీరియడ్, బయట నిలబెట్టింది ఎవరు అన్నది వాడి మాటల్లోనే రాయించండి. బడి మార్చమని అడగకండి, ఏం చేస్తారో ఏ తేదీలోగా చేస్తారో రాసివ్వమనండి.

చాక్‌పీస్ (కోసిగి)

ఇంకొకటి. ఆ మెట్ల మీద వాడితో ఇంకెవరైనా కూర్చుంటున్నారా అడగండి. అట్లాంటి మెట్ల మీద ఒక్కడే ఉండడు సాధారణంగా.

బుడ్డలచేను (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

ఉన్నాడు సార్. ఎనిమిదో తరగతి పిల్లాడట, మాట్లాడుకోరట. ఇద్దరూ చెరో మెట్టు.

నల్లకోటు గారూ, ఒక డౌట్. ఆ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఎవరో ఇప్పుడే చూశా. వాళ్ళ క్లాస్ టీచరే. స్టిక్కర్లన్నీ ఆయన చూస్తూనే ఉన్నాడు, రెండింటికి నవ్వుతూ రియాక్షన్ కూడా పెట్టాడు. లెటర్ ఆయన ద్వారానే ఇవ్వాలంటున్నారు ఆఫీసులో.

నల్లకోటు (కర్నూలు)

ఆయన ద్వారా వద్దు. రెండు కాపీలు తీసుకెళ్ళండి, నేరుగా హెడ్మాస్టర్ చేతికే ఇవ్వండి, రెండో దాని మీద సంతకం, తేదీ, స్కూలు ముద్ర వేయించుకోండి. వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచండి. ఒక కాపీ మండల విద్యాధికారికి. ఆ రియాక్షన్ల స్క్రీన్‌షాట్ జత చేయండి, ఈ రాత్రే తీయండి, రేపటికి ఉండకపోవచ్చు.